యాటిక్‌లో ఫర్నేస్: చుట్టూ గది కట్టాలా, డక్టులు బిగించాలా, పైకప్పుకే ఫోమ్ కొట్టించాలా?

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది, మొదటి వేసవి కరెంటు బిల్లు వచ్చాక గానీ ఇంటిని వెచ్చబెట్టే తమ ఫర్నేస్ ఎక్కడుందో వెతకరు. అక్కడి ఇళ్లు నేల మీద పోసిన కాంక్రీటు స్లాబు మీద లేస్తాయి, బేస్‌మెంట్ ఉండదు. గదుల్లో చోటు వదులుకోవడం బిల్డర్‌కు గిట్టదు. అందుకే ఫర్నేస్, దానికి తగిలించిన ఏసీ కూలింగ్ కాయిల్, గాలిని గదులకు మోసే డక్టులు, చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్‌తో సహా అన్నీ యాటిక్‌లోకి, అంటే కప్పు కింది అటకలోకి ఎక్కేస్తాయి. జూలై మధ్యాహ్నం ఆ యాటిక్‌లో వేడి 130 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరడం మామూలే. కాయిల్ దాటి వచ్చే గాలి మాత్రం 55 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంటి గోడ ఓర్చుకునే తేడా వేసవిలో పాతిక డిగ్రీలైతే, ఫర్నేస్, కాయిల్ ఉన్న ఈ రేకు పెట్టె ఓర్చుకోవాల్సింది 75 డిగ్రీలు. దాని లోపల అంటించిన ఇన్సులేషన్ మందం చూస్తే అంగుళం కూడా ఉండదు.

ఇది గమనించిన ఎవరికైనా, దాని చుట్టూ నాలుగు గోడలు లేపి ఇన్సులేట్ చేసేస్తే పోలా అనిపిస్తుంది. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ అది చాలా ఇళ్లలో చేయాల్సిన మొదటి పని కాదు. కొన్ని ఇళ్లలోనైతే అసలు చేయకూడని పని. ఏ ఇంట్లో ఏది చేయాలో తేలాలంటే ముందు ఒక లెక్క వేసుకోవాలి, తర్వాత ఒక గొట్టం చూసి రావాలి.

లెక్క

3 టన్నుల ఏసీ, అంటే గంటకు 36,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) వేడిని బయటికి తోడే యంత్రం తీసుకుందాం. ఫర్నేస్, కాయిల్ కలిపి బయటి పైవైశాల్యం దాదాపు 50 చదరపు అడుగులు అనుకోండి, ఇన్సులేషన్ ఆర్-4 (ఆర్ అంకె పెరిగేకొద్దీ వేడి తక్కువగా దాటుతుంది). యాటిక్ 130, లోపల 55. పెట్టె గోడల గుండా లోపలికి వచ్చే వేడి గంటకు సుమారు 940 బీటీయూలు. యంత్రం శక్తిలో మూడు శాతం కూడా కాదు.

ఇప్పుడు డక్టులు చూడండి. యాటిక్‌లో పాకిన డక్టుల వైశాల్యం 300 చదరపు అడుగులు, ఇన్సులేషన్ ఆర్-6 అయితే వాటి గుండా వచ్చే వేడి గంటకు 3,750 బీటీయూలు. ఇక కారుతున్న గాలి. 3 టన్నుల యూనిట్ నిమిషానికి సుమారు 1,200 ఘనపుటడుగుల గాలిని తిప్పుతుంది. అందులో పదో వంతు చల్లగాలి డక్టు సందుల్లోంచి యాటిక్ పాలైతే మరో 2,600 బీటీయూలు పోయినట్టే. రిటర్న్ వైపు, అంటే ఇంటి గాలిని తిరిగి పెట్టెకు తెచ్చే డక్టులో, ఐదు శాతం సందు ఉన్నా అది 130 డిగ్రీల గాలిని పీల్చుకొచ్చి ఇంట్లో కలుపుతుంది. ఆ దెబ్బ 3,600 బీటీయూలు, ఆ గాలితో వచ్చే తేమ దీనికి అదనం. ఇవి నేను అంచనాగా పెట్టిన కొలతలు, మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. వరస మాత్రం మారదు. మామూలు ఇంట్లో డక్టుల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం సందుల్లోంచే పోతుందని అమెరికా ప్రభుత్వ కార్యక్రమం ఎనర్జీ స్టార్ ఏళ్లుగా చెబుతూనే ఉంది.

పెట్టె చుట్టూ గది కడితే మొదటి 940 చాలావరకు తగ్గుతుంది. గది గాలి చొరకుండా కుదిరితే పెట్టెకూ, డక్టులు మొదలయ్యే ప్లెనమ్ డబ్బాకూ మధ్య అతుకుల్లో ఉన్న సందులూ అందులోనే మూతపడతాయి. రిటర్న్ వైపు పీల్చుడు అక్కడే ఎక్కువ కనుక అది చిన్న లాభం కాదు. కానీ అదే అతుకులకు మాస్టిక్ అనే చిక్కటి లేపనం పూసినా ఆ లాభం వస్తుంది. ఒక డబ్బా మాస్టిక్, ఒక బ్రష్, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే ఒక పూట పని.

గొట్టం

యాటిక్‌లోకి ఎక్కి ఫర్నేస్‌లోంచి పైకప్పు వైపు వెళ్లే గొట్టాన్ని చూడండి. మెరిసే రేకు గొట్టం, అంటే రెండు పొరల బీ-వెంట్ ఉంటే మీది 80 శాతం ఏఎఫ్‌యూఈ ఫర్నేస్, అంటే గ్యాస్‌లోని వేడిలో ఏడాది సగటున 80 శాతమే ఇంటికి ఇచ్చేది. మంటకు కావాల్సిన గాలిని అది చుట్టూ ఉన్న యాటిక్‌లోంచే తీసుకుంటుంది. తెల్లటి పీవీసీ గొట్టాలు రెండు ఉంటే అది 90 శాతం పైబడిన డైరెక్ట్ వెంట్ ఫర్నేస్. ఒక గొట్టంలో బయటి గాలి నేరుగా మంటకు వస్తుంది, ఇంకో గొట్టంలో పొగ బయటికి పోతుంది. చుట్టూ ఉన్న గాలితో దాని మంటకు సంబంధం ఉండదు. పీవీసీ గొట్టం ఒక్కటే ఉంటే జాగ్రత్త. సామర్థ్యం ఎక్కువే అయినా అది గాలిని యాటిక్‌లోంచి తీసుకుంటోందన్నమాట. రెండో గొట్టం వేయించుకోవచ్చేమో మెకానిక్‌ను అడగాలి.

ఈ తేడా మీదే మిగతా నిర్ణయమంతా ఆధారపడుతుంది. 80 శాతం ఫర్నేస్ చుట్టూ బిగుతుగా గది కడితే మంటకు గాలి చాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గాలి కోసం గదికి రంధ్రాలు పెట్టి తీరాలి. గ్యాస్ కోడ్ ప్రకారం యాటిక్‌లోకి నేరుగా తెరుచుకునే రెండు రంధ్రాలు ఉండాలి, ఒకటి ఆ గది పైమూతకు 12 అంగుళాల లోపు, ఇంకోటి దాని నేలకు 12 అంగుళాల లోపు. ప్రతి 4,000 బీటీయూలకు ఒక్కోదానిలో చదరపు అంగుళం ఖాళీ కావాలి. 80,000 బీటీయూల ఫర్నేస్ అయితే ఒక్కో రంధ్రం 20 చదరపు అంగుళాలు. లోహపు లూవర్ బిగిస్తే దాని పలకలు పావు వంతు చోటు తినేస్తాయి కాబట్టి 27 దాకా కోయాలి. అలా కోసిన రెండు రంధ్రాల్లోంచి ఏం వస్తుంది? అదే 130 డిగ్రీల గాలి. రగ్గు కప్పుకొని కిటికీలు తెరుచుకొని పడుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. 80 శాతం ఫర్నేస్‌కు ఇన్సులేటెడ్ గది కట్టొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. కోడ్ ప్రకారం కడితే లాభం ఉండదు, లాభం కోసం బిగిస్తే ప్రాణానికే ముప్పు.

పక్కనే గ్యాస్ వాటర్ హీటర్ ఉందేమో కూడా చూడండి. దాని నెత్తి మీద గొడుగులా ఒక రేకు మూత, కింద ఖాళీ కనిపిస్తే అది డ్రాఫ్ట్ హుడ్. దాని పొగను పైకి తోసే ఫ్యాన్ ఏదీ ఉండదు, వేడి వల్ల తనంతట తానే పోవాలి. ఫర్నేస్ డైరెక్ట్ వెంట్ అయినా సరే, ఆ హీటర్‌ను అదే గదిలో పెట్టి మూస్తే పైన చెప్పిన ముప్పంతా మళ్లీ మొదటికొస్తుంది.

గది కట్టడం: ఎవరికి పనికొస్తుంది, ఎలా కడితే పనిచేస్తుంది

డైరెక్ట్ వెంట్ ఫర్నేస్ ఉన్నవాళ్లు, గ్యాసే లేకుండా కరెంటుతో వేడి, చల్లదనం రెండూ ఇచ్చే హీట్ పంప్ ఎయిర్ హ్యాండ్లర్ (దాని లోపలి గాలి పెట్టె) ఉన్నవాళ్లు దీన్ని నిశ్చింతగా ఆలోచించవచ్చు. న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటి చలి రాష్ట్రాల్లో దీని విలువ ఇంకా ఎక్కువ. 90 శాతం దాటిన ఫర్నేస్ పొగలోని ఆవిరిని నీరుగా మారుస్తుంది. ఆ నీటి గొట్టం గడ్డకడితే ఫర్నేస్ ఆగిపోతుంది, అదీ సరిగ్గా చలి ముదిరిన రాత్రి. టెక్సస్ వాళ్లూ దీన్ని కొట్టిపారేయకూడదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. చలి రాష్ట్రాల్లో ఇంకో లాభమూ ఉంది. పెట్టె, అతుకులు కార్చే వేడికి కప్పు మీది మంచు కరిగి, చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి, నీరు కప్పు మీది పలకల (షింగిల్స్) కిందికి ఎగబాకుతుంది. గది ఆ వేడిని కప్పు దాకా పోనివ్వదు.

కట్టేటప్పుడు అందరూ గోడల మందం గురించి ఆలోచిస్తారు గానీ, పని చెడేది నేల దగ్గర. యాటిక్‌లో ఫర్నేస్ సాధారణంగా ప్లైవుడ్ వేదిక మీద ఉంటుంది. ఆ ప్లైవుడ్ కింద జాయిస్టులు (సీలింగ్‌ను మోసే అడ్డ దూలాలు), వాటి మధ్య ఖాళీలు ఒక చివర నుంచి ఇంకో చివరకు పోతుంటాయి. మీరు ప్లైవుడ్ మీద ఎంత చక్కటి గోడ లేపినా, ఆ ఖాళీల్లోంచి యాటిక్ గాలి గది అడుగుకు దర్జాగా వచ్చేస్తుంది. అందుకని గోడ వచ్చే గీత వెంబడి ప్లైవుడ్ తీసి, ప్రతి ఖాళీలోనూ గట్టి ఫోమ్ ముక్కను కొలిచి కోసి నిలబెట్టి, నాలుగు అంచులా క్యాన్ ఫోమ్‌తో మూయాలి. ఆ ముక్క, కింది అంతస్తు గది సీలింగ్ డ్రైవాల్ (జిప్సం పలక) దాకా దిగాలి. గది అడుగున ఉన్న పాత ఇన్సులేషన్ తీసేయడం మేలు. అప్పుడే ఆ గది కింది ఇంటి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. లేకపోతే అటు ఇంటికీ ఇటు యాటిక్‌కీ చెందకుండా మధ్యలో వేలాడుతుంది.

గోడలకు 2×4 స్టడ్లు (నిలువు చెక్కలు), మధ్యలో ఆర్-15 మినరల్ ఊల్ (రాతి నార), బయటి వైపు ఫాయిల్ ఉన్న పాలీఐసో ఫోమ్ పలక. ఈ పలక అంగుళానికి దాదాపు ఆర్-6 ఇస్తుంది. అతుకులన్నింటికీ ఫాయిల్ టేపు. లోపలి వైపు అర అంగుళం డ్రైవాల్, అతుకులు పూసి. పైమూతకు రెండు పొరలు వేసినా ఎక్కువ కాదు, వేడి దిగేది పైనుంచే. యాటిక్ వైపు ఫోమ్ పలకను నగ్నంగా వదలొచ్చా అనేది ఆ పలక మీది ముద్ర, మీ ఊరి ఇన్‌స్పెక్టర్ కలిసి తేల్చే విషయం. మామూలు ఫోమ్‌కు కోడ్ అగ్ని అడ్డు అడుగుతుంది. పావు అంగుళం ప్లైవుడ్ గానీ, అంగుళంన్నర మినరల్ ఊల్ గానీ కప్పితే సరిపోతుంది.

హ్యూస్టన్ వైపు వాళ్లకు మందం కంటే బిగుతు ముఖ్యం. అక్కడి వేసవి గాలిలో తేమ ఎక్కువ. ఆ గాలి సందు దొరికి గదిలోకి దూరి చల్లటి పెట్టెకు తగిలితే రేకు చెమర్చి కారుతుంది. మూసిన గదిలో ఆ చెమ్మ ఎవరికీ కనబడదు, బూజు పట్టాకే తెలుస్తుంది.

రిటర్న్ గాలి గదిలోంచి రాకూడదు, ఇంట్లోంచి డక్టు ద్వారా నేరుగా పెట్టెకు రావాలి. గది తలుపుకు గాస్కెట్ (గాలి చొరకుండా అంచుకు వేసే పట్టీ), తలుపు మందంలోనూ ఇన్సులేషన్ కావాలి. పెట్టె ముందు 30 అంగుళాల లోతు, 30 అంగుళాల వెడల్పు సమతలమైన చోటు, యాటిక్ ద్వారం నుంచి అక్కడికి కనీసం 24 అంగుళాల వెడల్పు గట్టి నడవ, లైటు, కరెంటు ప్లగ్గు కోడ్ అడిగేవే. ఇండియా సూట్‌కేసులు, బొమ్మలకొలువు పెట్టెలు ఆ నడవ మీద పేర్చే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది. వాటికి వేరే చోటు చూపండి, ఆగస్టులో మెకానిక్ వాటి మీదుగా పాకలేడు. ఫర్నేస్ ఏదో ఒక రోజు మార్చాల్సిందే కనుక ఒక గోడను మేకులతో కాక స్క్రూలతో బిగించి, మొత్తంగా విప్పేలా ఉంచండి. కింద కారే నీటిని పట్టే పాన్, అందులో నీరు నిండితే యంత్రాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్ గది లోపలే ఉండాలి, కంటికి ఆనాలి.

రెండు విషయాలు మొదలుపెట్టక ముందే చూసుకోవాలి. మడత నిచ్చెన ద్వారం వెడల్పు 22 అంగుళాల చుట్టుపక్కలే ఉంటుంది, 4×8 డ్రైవాల్ పలకను అందులోంచి ఎక్కించడం కష్టం, కిందే కోసి ఎక్కించాలి. రెండోది బరువు. చాలా కొత్త ఇళ్లలో కప్పును మోసేవి ట్రస్‌లు, అంటే ముందే బిగించి తెచ్చిన చెక్క త్రికోణాలు. వాటి కింది కడ్డీని సీలింగ్ మోయడానికే లెక్కగట్టి ఉంటారు, డ్రైవాల్ గది మోయడానికి కాదు. ట్రస్‌ను కోయడం, తొలచడం ఎప్పుడూ చేయొద్దు. బరువు సంగతి స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో చూపించుకుంటే ఆ ఫీజు వృథా కాదు.

2025 నుంచి వస్తున్న కొత్త యూనిట్లలో ఆర్-454బీ, ఆర్-32 రిఫ్రిజిరెంట్లు (చల్లబరిచే వాయువులు) కొద్దిగా అంటుకునే రకం. చిన్న మూసిన గదిలో వాటిని పెట్టడానికి తయారీదారు కొలతలు, సెన్సర్ షరతులు మాన్యువల్‌లో ఉంటాయి. అవి చదవకుండా గది కొలత ఖరారు చేయొద్దు.

డక్టులు బిగించి, ఇన్సులేషన్‌లో పాతిపెట్టడం

నా మటుకు, టెక్సస్‌లో మామూలు ఇంటికి మొదటి పని ఇదే. ఏ ఫర్నేస్ ఉన్నా చేయొచ్చు, మంట జోలికి పోదు, డబ్బుకు తగ్గ ఫలితం వెంటనే తెలుస్తుంది. ముందు డక్టు లీకేజీ పరీక్ష చేయించండి. ఫ్యాన్ పెట్టి డక్టుల్లో 25 పాస్కల్ ఒత్తిడి పుట్టించి ఎంత గాలి పోతోందో కొలుస్తారు. ఎనర్జీ కోడ్ కొత్త ఇళ్లను అడిగేది ప్రతి 100 చదరపు అడుగుల ఇంటికి నిమిషానికి 4 ఘనపుటడుగులకు మించకూడదని. మీ ఇంటికి 15 వచ్చిందంటే గది గురించి మాట్లాడే ముందు చేయాల్సింది చాలా ఉందన్నమాట.

అతుకులకు మాస్టిక్ లేదా డక్టుల కోసమని పరీక్షించిన యూఎల్ 181 ముద్ర ఉన్న టేపు మాత్రమే వాడాలి. బట్ట అల్లిక ఉన్న మామూలు డక్ట్ టేపు ఈ పనికి పనికిరాదని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల 1998లోనే పరీక్షించి చెప్పింది, వేడికి దాని జిగురు ఊడిపోతుంది. చేయి అందని డక్టులకు లోపలి నుంచి జిగురు తుంపర కొట్టి సందులు మూసే ఏరోసీల్ పద్ధతి ఉంది. మాస్టిక్ కంటే ఖరీదే కానీ, గోడల మధ్య దాగిన డక్టులకు వేరే దారి లేదు.

బిగించాక యాటిక్ నేలంతా ఆర్-49 దాకా సెల్యులోజ్ గానీ ఫైబర్‌గ్లాస్ గానీ ఊదించి, సీలింగ్‌కు దగ్గరగా దింపిన డక్టులను అందులో కప్పేయొచ్చు. డాలస్, హ్యూస్టన్ తేమ మండలాలు కాబట్టి ఇక్కడ ఒక షరతు ఉంది. పూర్తిగా పాతిపెట్టే సప్లై డక్టుకు (గదులకు గాలి పంపేదానికి) ఆర్-13 ఇన్సులేషన్, ఆవిరి చొరని పైపొర ఉండాలి. పాత ఆర్-6 డక్టును అలాగే పాతితే దాని పైపొర చల్లబడి, ఇన్సులేషన్ లోపలే చెమ్మ పట్టి సీలింగ్ మీద మరక తేలుతుంది. బీ-వెంట్ గొట్టం చుట్టూ అంగుళం ఖాళీ ఉంచి రేకు కాలర్ పెట్టించండి. ఊదే ఇన్సులేషన్ దాన్ని తాకకూడదు.

పైకప్పుకే స్ప్రే ఫోమ్

సాఫిట్ (చూరు కింద), రిడ్జ్ (కప్పు శిఖరం) గాలి దారులన్నీ మూసేసి కప్పు అడుగుకే ఫోమ్ కొట్టిస్తే యాటిక్ మొత్తం ఇంటి లోపలికి వచ్చేసినట్టే. ఫర్నేస్, కాయిల్, డక్టులు అన్నీ ఒకేసారి నీడ పట్టున ఉంటాయి. చిన్న గది ఎన్నటికీ ఇవ్వలేని లాభం ఇది. డక్టులు యాటిక్ నలుమూలలా పాకి, కప్పు మలుపులు ఎక్కువగా ఉన్న పెద్ద ఇంటికి ఇదే సరైన జవాబు కావచ్చు. ఖర్చు మిగతా అన్నింటికంటే ఎక్కువ. ఆవిరిని ఆపని ఓపెన్ సెల్ ఫోమ్ అయితే కప్పు కింద తేమ నిలవకుండా యాటిక్‌కు కొంత ఏసీ గాలి లేదా డీహ్యూమిడిఫయర్ కావాలి.

మన ఇళ్లకు ప్రత్యేకంగా వర్తించే ప్రమాదం ఒకటి ఇక్కడుంది. పోపు ఘాటు పోవాలని నిమిషానికి 600, 900 ఘనపుటడుగుల గాలి లాగే కిచెన్ హుడ్‌లు పెట్టించుకుంటాం. 400 దాటిన హుడ్‌కు, ఇంటి గాలి హద్దు లోపల డైరెక్ట్ వెంట్ కాని గ్యాస్ పరికరం ఉంటే, బయటి గాలి తెచ్చే ఏర్పాటు చేయాలని కోడ్ అంటుంది. నిన్నటిదాకా యాటిక్ బయట కాబట్టి హుడ్‌కూ ఫర్నేస్‌కూ సంబంధం లేదు. ఫోమ్ కొట్టిన రోజు నుంచి రెండూ ఒకే గాలిని పంచుకుంటాయి. మిరపకాయలు వేయిస్తూ హుడ్ పూర్తి వేగంతో తిప్పితే, ఇంట్లో ఒత్తిడి తగ్గి పైన వాటర్ హీటర్ పొగ గొట్టంలోంచి వెనక్కి దిగొచ్చు. కాబట్టి ఫోమ్ కొట్టించే ముందే ఫర్నేస్‌నూ వాటర్ హీటర్‌నూ డైరెక్ట్ వెంట్‌కో కరెంటుకో మార్చాలి. ఆ మాట ఎత్తకుండా ఫోమ్ కోట్ మాత్రమే ఇచ్చే కాంట్రాక్టర్‌కు పని అప్పగించకండి.

కిందికి దింపడం, లేదా మార్చేయడం

ఇంట్లో ఒక క్లోజెట్‌ను త్యాగం చేయగలిగితే ఫర్నేస్‌ను కిందికి దింపడం అన్ని విధాలా ఆరోగ్యకరం. కానీ డక్టులు యాటిక్‌లోనే ఉంటే లాభం సగమే, కట్టిన ఇంట్లో గోడలు పగలగొట్టే పని కూడా. కొత్త ఇల్లు బుక్ చేసుకుంటున్నవాళ్లకు మాత్రం ఇది బంగారం లాంటి అవకాశం. కౌంటర్‌టాప్ రంగు ఎంచుకునే మీటింగ్ కంటే ముందే, మెకానికల్ క్లోజెట్ ఇంట్లో పెట్టి డక్టులు దించిన సీలింగ్‌లో నడపగలరా అని బిల్డర్‌ను అడగండి.

ఫర్నేస్‌కు 15 ఏళ్లు దాటితే దాని చుట్టూ ఏదీ కట్టకండి, ముందు మార్చండి. అమెరికా ఇంధన శాఖ 2023లో ఖరారు చేసిన నిబంధన అలాగే నిలిస్తే, 2028 డిసెంబరు 18 నుంచి తయారయ్యే ఇళ్ల గ్యాస్ ఫర్నేస్‌లు 95 శాతం సామర్థ్యం చూపాలి. టెక్సస్ చలికి నేనైతే హీట్ పంప్ వైపే మొగ్గుతాను. మంట లేదు, పొగ గొట్టం లేదు, తర్వాత గది కట్టినా ఫోమ్ కొట్టినా గాలి గొడవ ఉండదు. ఇంటి ఇంధన పొదుపు పనులకిచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ 25సీ 2025 డిసెంబరు 31తో ముగిసింది కాబట్టి, పాత కోట్‌లలో ఆ తగ్గింపు చూపిస్తే తీసేసి లెక్కపెట్టుకోండి. సైజు మాత్రం పాతదే వేయించకండి, డక్టులు బిగిశాక మాన్యువల్ జే లెక్క (ఇంటికి ఎంత యంత్రం కావాలో తేల్చే పద్ధతి) కొత్తగా వేయమనండి. 4 టన్నులున్న చోట 3 సరిపోవచ్చు.

ఇక ఎవరికి ఏది

80 శాతం ఫర్నేస్ ఇంకా బాగా నడుస్తూ, పక్కన గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న డాలస్ ఇల్లు: గది వద్దు, ఫోమ్ వద్దు. డక్టు పరీక్ష, మాస్టిక్, ఆర్-49. డైరెక్ట్ వెంట్ లేదా హీట్ పంప్ ఉండి, డక్టులు పొట్టివై, ఇప్పటికే బిగించి ఉంటే: గది మీ తర్వాతి మంచి మెట్టు. డక్టులు ఇల్లంతా పాకి ఉండి, పరికరాలన్నీ ఎలాగూ మార్చే వయసుకొస్తే: పరికరాలు మార్చి, ఆ వెంటనే కప్పుకు ఫోమ్. న్యూజెర్సీలో పై అంతస్తు కోసం యాటిక్‌లో పెట్టిన 95 శాతం ఫర్నేస్: చలికాలం రాకముందే గది, నీటి గొట్టం కూడా ఆ గది లోపలి నుంచే ఇంట్లోకి దిగేలా.

ఏది ఎంచుకున్నా పర్మిట్ తీసుకోండి. ఇంట్లో గ్యాస్ పరికరం ఒక్కటి మిగిలినా, పని ముగిసిన రోజే కంబషన్ సేఫ్టీ పరీక్ష చేయించండి. తలుపులు, కిటికీలు మూసి, కిచెన్ హుడ్, బాత్రూమ్ ఫ్యాన్లు, డ్రయర్ అన్నీ ఒకేసారి నడిపి, వాటర్ హీటర్ వెలిగించి, డ్రాఫ్ట్ హుడ్ దగ్గర పొగ పైకి పోతోందా కిందికి దిగుతోందా చూస్తారు. కిందికి దిగితే కారణం దొరికి సరిచేసేదాకా ఆ హీటర్ వాడకూడదు. పడకగదుల బయట, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో, దాని వెనక ముద్రించిన గడువు దాటిపోయిందేమో అదే రోజు చూసుకోండి.